దారం కనపడని ఆరేళ్లు

ఆరోగ్య కేంద్రం వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను, బల్ల మెల్లగా కదులుతోంది, పక్కనుంచి వరిచేలు వెనక్కి పోతున్నాయి కాబట్టి ఇది బస్సే అయివుంటుందనుకుంటున్నాను, పక్క సీట్లో శాంతమణి పిన్ని తెల్లచీరలో కూర్చుని తడిచేతులు తువ్వాలుతో తుడుచుకుంటోంది. పిన్ని పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు, అయినా వింతగా లేదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. నా రెండో కాన్పు తర్వాత ఇక పిల్లలు వద్దనుకున్నప్పుడు నాకు కాపర్ టీ వేసింది ఆవిడే. అది చోటు కదల్లేదని తెలియడానికి, దాని చివరి దారం వేలికి తగులుతోందో లేదో నెలనెలా చూసుకోమన్నదీ ఆవిడే.

"కడుపునొప్పి ఎలా ఉందే సుగుణా?" అంటుంది.

"తగ్గింది పిన్నీ. ఆ కాపర్ టీ పడిపోలేదు. ఇన్నాళ్లూ లోపలే ఉంది."

తువ్వాలు ఆగిపోతుంది. "దారం తగలట్లేదని నువ్వొస్తే, జారిపోయుంటుందిలే అన్నాను."

"అన్నావు. ఆరేళ్లు గ్యాసు మందులు మింగాను. మొన్న ఎక్స్‌రే తీస్తే, గర్భసంచికి కన్నం పడి పేగుల దగ్గరికి పోయి కూర్చుందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు."

"నా చేత్తో వేసిందే కదే."

"ఎవరు వేసినా ఒక్కోసారి అలా అవుతుందంట." అంతటితో ఊరుకోలేకపోతాను. "కానీ ఎక్స్‌రే ఫోటో తీయించుకోమని ఆ రోజే చెప్పాల్సింది. నా మాట సరిగ్గా వినకుండా పంపేశావన్న కోపంతోనే అప్పట్లో మీ ఇంటికి రావడం మానేశాను."

"తెలుసు. బయట నలభై మంది కూర్చునున్నారు, తొందరలో అనేశాను. తర్వాత నువ్వు నడుం పట్టుకుని నడవడం చూసి, రెండుసార్లు మీ వీధి దాకా వచ్చి వెళ్లిపోయాను."

"రావాల్సింది పిన్నీ. తలుపు తీసేదాన్ని."

పిన్ని నా చీర కాస్త జరిపి, మూడు చిన్న కోతల్నీ పట్టిపట్టి చూస్తుంది. "కుట్లు శుభ్రంగా వేశారు" అంటుంది, ఎవరో తన పని మెచ్చుకున్నంత తృప్తిగా. బస్సు ఆగకుండానే మళ్లీ ఆరోగ్య కేంద్రం వరండాగా మారిపోతుంది, పిన్ని లేచి వరసగా కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, "దారం తగులుతుందా అమ్మా? తగలకపోతే ఫోటో తీయించుకో, మర్చిపోకు" అని ఒక్కొక్కరికీ తీరిగ్గా చెబుతుంటే, ఆ గొంతు దూరమయ్యేదాకా హాయిగా వింటూ కూర్చుంటాను.

"అమ్మా, టీ" అని మా అమ్మాయి లేపింది. కిటికీలోంచి సాయంత్రం ఎండ మంచం మీద పడుతోంది. లేవబోతూ గమనించాను, ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. నొప్పికి భయపడి ఆరేళ్లుగా నేను తిరగని పక్క అది.