ఎర్రచుక్క రాణి

మేస్త్రి భార్య పెంచుకున్న రాణి తేనెటీగను చంపింది అతని మరదలే. అందులో వాదించడానికేమీ లేదు. చెప్పి మరీ చంపింది.

భార్య పోయి ఏడాది దాటింది. ఆవిడ వదిలి వెళ్ళినవాటిలో ప్రాణమున్నది పెరట్లోని తేనెటీగల పెట్టె ఒక్కటే. అందులో రాణి వీపు మీద ఎర్రటి చుక్క. వేల ఈగల్లో ఇట్టే కనబడాలని ఆవిడ గోళ్ళరంగుతో పెట్టింది. మేస్త్రి వారానికోసారి మూత తీసి, ఆ చుక్కను చూసి, మళ్ళీ మూసేసేవాడు.

వానలు పట్టాక పెట్టెలోకి బూజు తెగులు దిగింది. గదుల మైనం మూతల కింద పిల్లపురుగులు బిగుసుకుపోయి సుద్దముక్కలయ్యాయి. పట్టు కట్టిన చెక్క చట్రం ఊపితే గలగలమన్నాయి. మరదలికి బతుకుతెరువే తేనెటీగలు. కబురు పెడితే వచ్చి, చట్రాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"చెమ్మ ఉంది, పెట్టెను ఎత్తు మీద పెడదాం. కానీ అసలు లోపం ఈ రాణి సంతానంలోనే ఉంది బావా. చచ్చినవాటిని బయటికి లాగేద్దామన్న ధ్యాసే లేదు వీటికి. రాణిని మార్చాల్సిందే."

"దాని జోలికి వెళ్ళావంటే మర్యాద దక్కదు."

"అయితే పెట్టె మొత్తం పోతుంది."

"అది మీ అక్క పెట్టిన చుక్క."

"నాకు తెలీదా? ఆ గోళ్ళరంగు సీసా నాది. అడక్కుండా ఎత్తుకొచ్చింది మహాతల్లి."

మేస్త్రి ఇటుకలు తెచ్చేసరికి పని అయిపోయింది. మరదలు తెచ్చిన కొత్త రాణి, ఈగలు అలవాటుపడేదాకా, చిన్న పంజరంలో చట్రాల మధ్య ఉంది. మరదలి బొటనవేలికి ఎర్రటి పొలుసు అంటుకుని ఉంది. ఆమె అటు తిరిగి ముక్కు చీదుకుంది. అతను ఇటుకలు పేర్చి, పెట్టెను వాటి మీద నిలబెట్టాడు.

కొత్త రాణి కూతుళ్ళు పనిలోకి దిగాక మేస్త్రికి పెరటి మెట్టు మీంచి లేవబుద్ధి కాలేదు. ఒక ఈగ తనంత సుద్దముక్కను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. జారిపడింది. మళ్ళీ పట్టింది. అంచు దాకా లాగి, ఎత్తుకుని ఎగిరి, కంచె అవతల పడేసింది. తిరిగొచ్చి మీసాలు సవరించుకుని లోపలికి పోయింది. దాని వెనకాలే ఇంకోటి. లోపలైతే మరీ విడ్డూరం. జబ్బు తగిలిన పురుగును మూత పైనుంచే వాసన పట్టి, మూత చించి, సుద్ద కాకముందే లాగేస్తున్నాయి. మేస్త్రి జన్మలో ఏ పనివాణ్ణీ మెచ్చుకున్నవాడు కాదు.

"పనంటే ఇదీ," అన్నాడు పైకే.

మరదలు మళ్ళీ వచ్చి పెట్టె తెరిచింది. పిల్లల గదులు నిండుగా, శుభ్రంగా ఉన్నాయి. మొదటి చట్రం మీద ఒక మగ ఈగ వీపంతా ఎర్రరంగు పూసుకుని తిరుగుతోంది. పక్కదానికి రంగు కళ్ళ మీదికి కారింది. ఇంకోదానికి కాస్త నయం.

"ఇదేంటి బావా, వీళ్ళందర్నీ పెళ్ళికొడుకుల్ని చేశావ్?"

మగ ఈగలకు కుట్టే ముల్లుండదు. చెయ్యి కుదుర్చుకోవడానికి మేస్త్రికి అవే దొరికాయి.

ఆమె నవ్వుతూనే మరో చట్రం ఎత్తింది. నవ్వు ఆగిపోయింది. కొత్త రాణి వీపు నడిమధ్యన ఆవగింజంత ఎర్రచుక్క, అక్క పెట్టినంత పొందిగ్గా. బావ వేళ్ళ వంక చూసింది. ఇటుకలు మోసి మొద్దుబారిన వేళ్ళు.

"నా సీసా నీ దగ్గరే ఉందన్నమాట."

"మీ అక్క రాణిని చంపావు నువ్వు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

"సరే. మరి ఈ చుక్క?"

"మూత పెట్టు, ఈగలకు చలి. ఆ పాత రాణి ఊసు నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."