కొత్త కోచ్ రాకముందు

గంగరాజు పదో నెంబరు జెర్సీని వీపు భాగం పైకి వచ్చేలా బల్లమీద పరిచాడు. అంకె మీద పాత పేపరు వేసి ఇస్త్రీపెట్టె ఆనించాడు. వేడికి అంచులు మెత్తబడ్డాక ఒక మూలను బ్లేడుతో లేపి, గోటితో పట్టుకుని మెల్లగా లాగాడు. సున్నా సులువుగా ఊడి వచ్చింది. ఒకటి మాత్రం సగానికి తెగి బట్టకే అతుక్కుంది. దాన్ని స్పిరిటు గుడ్డతో రుద్దాడు. అంకె పోయింది గాని అది ఉన్నచోట ఎరుపు ముదురుగానే ఉంది. మిగతా చొక్కా రెండు సీజన్ల ఎండకు, చెమటకు వెలిసిపోయింది.

బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో ఒక కాలేజీ గ్రౌండు పక్కన, సిమెంటు మెట్ల కింద ఉన్న గది అది. రెండు వాషింగ్ మెషిన్లు, ఒక ఇస్త్రీబల్ల, బంతులు వేలాడే వల సంచులు. కిటికీ లేదు. దగ్గరలోని ఎయిర్‌పోర్టులో విమానం దిగినప్పుడల్లా రేకు తలుపు సన్నగా వణికేది. గంగరాజు తల ఎత్తేవాడు కాదు. యాభై దాటిన మనిషి, పొట్టివాడు. టైల్స్ పని చేసిన రోజుల్లో కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, తిరిగి ఎన్నడూ కలవలేదు. నడిచేటప్పుడు గోడవారనే నడుస్తాడు. ఆటగాళ్లు అతనికి పేర్లతో కాక నెంబర్లతోనే గుర్తు. ఎనిమిదో నెంబరు సాక్సు తిరగేయకుండా పడేస్తాడు. నాలుగో నెంబరు మోచేతుల మీద పడతాడు. ఆ నాలుగో నెంబరు కుర్రవాడు కిందటి వారమే వేరే కాలేజీకి మారిపోయాడు. పదో నెంబరు నిన్న మారాడు.

తలుపు తెరుచుకుంది. గంగరాజు చెయ్యి ఆగింది.

"గంగన్నా, పది తీసేస్తున్నవేంది? గిప్పుడే?"

కోచ్ సైమన్ గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. సికింద్రాబాద్ లాలాగూడ మనిషి. రైల్వే ఫుట్‌బాల్ జట్టుకు ఆడినవాడు. మోకాలు పోయాక కోచింగ్ నేర్చుకుని బహ్రెయిన్ వచ్చాడు. నలభై నిండినా గ్రౌండులోకి దిగితే కుర్రవాళ్లతో సమానంగా పరిగెత్తుతాడు.

"రంగు వోయింది సార్. కొత్తది అంటిస్త," అన్నాడు గంగరాజు, జెర్సీ మీంచి చూపు తిప్పకుండా.

"సరే. పిల్లగాడు మనసు మార్చుకుని మళ్ల వస్తడేమో. ఆ నెంబరు ఎవరికీ ఇయ్యకు," అని సైమన్ వల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

బల్ల కింద అట్టపెట్టె ఉంది. అందులో కొత్త ఆటగాళ్ల జెర్సీలు, కొత్త కోచ్ ట్రాక్‌సూట్ మడతలు విప్పకుండా ఉన్నాయి. సైమన్ కాలు ఆ పెట్టెకు జానెడు దూరంలో ఆగి వెనక్కి తిరిగింది.

వారం కిందట ఆటల విభాగం ముదీర్ ఈ గదిలోకి వచ్చి తలుపు మూసుకున్నాడు. ముదీర్ అంటే మేనేజరు. ఇక్కడివాడే. గంగరాజుతో హిందీలో మాట్లాడతాడు. కొత్త కోచ్ వస్తున్నాడని, తన పాత కాలేజీ నుంచి నలుగురు ఆటగాళ్లను, ఇద్దరు సహాయకులను వెంట తెచ్చుకుంటున్నాడని, పాతవాళ్లు ఖాళీ చేసిన నెంబర్లు ఆ వచ్చేవాళ్లకే ఇవ్వాలని చెప్పాడు. కాగితాలు పూర్తయ్యేదాకా సైమన్‌కు తెలియకూడదు. తెలిస్తే మధ్యలో వదిలేసి పోతాడు. అప్పటిదాకా ప్రాక్టీసు ఎవరు చేయిస్తారు? ఆ తరువాత సైమన్ ఖలాస్.

అంతా విని గంగరాజు ఒక్కటే అడిగాడు.

"మరి నా వీసా?"

ముదీర్ నవ్వాడు. నీ జోలికి ఎవరొస్తారు, బట్టలు ఉతికేవాడు ఎవరికైనా కావాలి కదా అన్నాడు.

ముదీర్ వెళ్లిపోయాక తన నోటి నుంచి మొదట వచ్చిన మాట అదేనని గంగరాజుకు తట్టింది. అప్పటి నుంచి అది పళ్ల సందున ఇరుక్కున్న పీచులా ఉంది.

మూడేళ్ల కిందట అతను ఇదే కాలేజీలో ఒక కాంట్రాక్టరు కింద వరండాలు తుడిచేవాడు. మాప్ పట్టుకుని వంగినవాడిని చూసి సైమన్ తెలుగులో పలకరించాడు. జగిత్యాల దగ్గరి ఊరని తెలిసి, మన దిక్కోడివే గదా అన్నాడు. నెల తిరక్కుండానే ఆఫీసులో మాట్లాడి గ్రౌండు పనిలోకి తెప్పించాడు, వీసా కూడా కాలేజీ మీదికి మార్పించాడు. ఊళ్లో గంగరాజు భార్య కనకవ్వకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు సైమన్ తమ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించాడు. గంగరాజు ఆ శుక్రవారం వెనక బెంచీలో కూర్చున్నాడు. ముక్కూ మొగమూ తెలియని ఆడవాళ్లు తన భార్య పేరు పలుకుతూ కళ్లు మూసుకుంటే అతనికి ఎటు చూడాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే గది నేల మీద పేపరు పరుచుకుని కూర్చున్నారు. సైమన్ అన్నం, పప్పుచారు, వేపిన చేప తెచ్చాడు. పెద్ద ముక్క గంగరాజు వైపు తోశాడు. కాసేపు తిన్నాక చెయ్యి ఆపాడు.

"కోచ్‌గ రమ్మన్న హమద్ టౌన్ కాలేజోళ్లకు ఇయ్యాల జవాబు చెప్పాలె. రేపైతే వేరేటోన్ని పెట్టుకుంటరంట. నువ్వేమంటవన్నా?"

"నేనేమంట సార్. మీకు తెల్వందా."

"ఫ్యామిలీ వీసా వాళ్లూ ఇస్తమంటున్నరు. ఈడ ముదీర్ కూడ డిసెంబర్‌ల ఇప్పిస్తన్నడు. ఈ పిల్లలను సీజన్ నడుమ ఇడిచిపెట్టి పోతే మంచిగుండదు." సైమన్ గొంతు తగ్గించాడు. "అది సరే. ఈడ ఏమన్న కథ నడుస్తున్నదా? ఇద్దరు పిల్లగాళ్లు మారిపోయిండ్రు. ముదీర్ నా మొఖం చూస్తలేడు. నువ్వు దినమంత ఈడనే ఉంటవు. నీ చెవిన ఏమన్న వడ్డదా?"

గంగరాజు నోట్లో ముద్ద ఉంది. దాన్ని నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"లే సార్. ఏం వడలే."

"నువ్వు లేదంటే లేనట్టే," అని సైమన్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఎడమచేత్తో నోకియా ఫోను తీసి అక్కడే హమద్ టౌన్‌కు కలిపాడు. మర్యాదగా, ఇంగ్లీషులో, తను రాలేనని చెప్పాడు. థాంక్యూ అని రెండుసార్లు అన్నాడు. తిరిగి చేప ముల్లు తీసుకోసాగాడు.

గంగరాజు గిన్నెలు తీసుకుని బయటి పంపు దగ్గరికి వెళ్లాడు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు. ఇప్పుడు చెప్పినా మించిపోలేదు. పెట్టేసిన ఫోను మళ్లీ చెయ్యొచ్చు. మనసు మారిందంటే వాళ్లు కాదనరు. నీళ్లు ఆపి, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

లోపల సైమన్ ఊళ్లో ఉన్న భార్యతో ఫోనులో కూతురి ముచ్చట మాట్లాడుతున్నాడు. "డిసెంబరే స్టెల్లా, పక్కా. బ్లెస్సీకి చెప్పు, మన ఇంటి నుంచి నాలుగడుగులు నడిస్తే సముద్రమే. రోజూ తీస్కపోత."

గంగరాజు వెనక్కి తిరిగి పంపు దగ్గరికి వెళ్లాడు.

అతను జీవితమంతా ఇట్లాగే వెనక్కి తిరుగుతూ వచ్చాడు. టైల్స్ కంపెనీ క్యాంపులో ఉన్నప్పుడు రాళ్లు కోసే మిషను ఒకటి పోయింది. ఫోర్‌మన్ మనుషులే దాన్ని బండెక్కించడం గంగరాజు కళ్లారా చూశాడు. నేరం జగ్గారావు అనే శ్రీకాకుళం మనిషి మీద పడింది. జగ్గారావు క్యాంపులో అందరి ముందు నిలబడి, ఎవరైనా చూస్తే చెప్పండయ్యా అని బతిమాలాడు. గంగరాజు పప్పులో రొట్టె ముంచుకుంటూ కూర్చున్నాడు. జగ్గారావును ఊరికి పంపేశారు. ఆ తరువాత ఫోర్‌మన్ గంగరాజును ఎండ పనికి వెయ్యలేదు. గంగరాజు మంచోడు, ఎవరి జోలికీ పోడు అని క్యాంపులో పేరు వచ్చింది. ఊళ్లోనూ అదే పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా అతను తల వంచుకునేవాడు. అణకువ అనుకునేవారు.

పొద్దు వాలి వేడి తగ్గాక ప్రాక్టీసు మొదలైంది. సైమన్ ఎర్ర కోన్లు వరసగా పేర్చి, వాటి మధ్య బంతిని ఎలా తీసుకుపోవాలో తనే చేసి చూపించాడు. నొప్పి మోకాలి మీద బరువు పడినప్పుడు ముఖం చిట్లించి, వెంటనే నవ్వాడు. గంగరాజు గీత పక్కన నీళ్ల సీసాలు నింపుతున్నాడు.

ముదీర్ కారు వచ్చి ఆగింది. ముదీర్‌తోబాటు బొద్దుగా, తెల్లటి టోపీ పెట్టుకున్న మనిషి దిగాడు. గీత దగ్గర నిలబడి ఆటగాళ్లను ఒక్కొక్కరినే చూడసాగాడు. సైమన్ వాళ్లను చూసి చెయ్యి ఊపాడు.

"గంగన్నా! అతిథి వచ్చిండు. కుర్సీ వెయ్యి!"

గంగరాజు గది నుంచి కుర్చీ తెచ్చాడు. దాని మీద దుమ్ము భుజం మీది గుడ్డతో తుడిచాడు. కొత్త కోచ్ కూర్చుని, షుక్రన్ అని అరబ్బీలో థాంక్స్ చెప్పాడు.

ముదీర్ సైమన్‌ను పక్కకు పిలిచాడు. గోలు స్తంభం దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. మాటలు ఇవతలికి వినపడలేదు. ముదీర్ ఒక చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చేశాడు. సైమన్ స్తంభానికి చెయ్యి ఆనించాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఇద్దరూ నడుచుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చారు. ముదీర్‌కు ఇబ్బందిగా ఉన్నట్టుంది, మాట మార్చడానికి గంగరాజు భుజం మీద చెయ్యి వేశాడు. కొత్త కోచ్‌కు, సైమన్‌కు ఇద్దరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాడు.

"ఇతను మా గంగరాజు. చాలా మంచివాడు. వారం నుంచి అంతా తెలుసు, ఒక్క మాట బయటికి పోనివ్వలేదు."

విమానం ఒకటి దిగుతూ మీదుగా పోయింది. గంగరాజు భుజం మీద ముదీర్ చెయ్యి అలాగే ఉంది. సైమన్ తనను చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది. కళ్లు ఎత్తలేక తన బొటనవేలి చీలిన గోరును చూస్తూ నిలబడ్డాడు.

సైమన్ గ్రౌండులోకి వెళ్లి కోన్లు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ తీశాడు. ప్రతి సాయంత్రం గంగరాజు చేసే పని అది.

ఆ రోజు గంగరాజు బస్సుకు పోదామనుకున్నాడు. కాని గేటు బయట సైమన్ కారు ఆగి ఉంది. పక్క తలుపు తెరిచి ఉంది. ఇద్దరూ వంతెన అవతల హూరాలోనే ఉంటారు. మూడేళ్లుగా ఒకే కారులో వెళ్తున్నారు. గంగరాజు ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

కారు వంతెన ఎక్కాక సైమన్ మాట కదిపాడు.

"పగటీలి తినేటప్పుడు అడిగిన గదన్నా."

"అడిగిండ్రు సార్."

"అప్పటికే ఎరుకేనా?"

"ఎరుకే."

"బెదిరిచ్చిండా ముదీర్? చెప్తే తీసేస్తనన్నడా?"

ఔనంటే సరిపోతుంది. సైమన్ అదే వినాలనుకుంటున్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ పక్కన సముద్రం బూడిదరంగులో కదలకుండా ఉంది.

"లే సార్. బెదిరియ్యలే," అన్నాడు గంగరాజు. "మిమ్ములను తీస్తున్నమని చెప్పిండు. చెప్పంగనే నేను, నా వీసా ఉంటదా అని అడిగిన. మీ గురించి ఒక్క ముక్క అడగలే. గంతే సార్. నాకు నేనే మూస్కున్న నోరు."

తన జీవితంలో అతను ఎవరితోనూ అంత మాట్లాడలేదు. చెప్పాక గుండె తేలికవుతుందేమో అనుకున్నాడు. కాలేదు.

సైమన్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని దూరంగా చూస్తున్నాడు. కోపం వస్తే బాగుండుననిపించింది గంగరాజుకు. కారు ఆపి దిగిపొమ్మన్నా బాగుండును.

"స్టెల్లాకేమని చెప్పాలె?" అన్నాడు సైమన్. నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు.

హూరాలో గల్లీ మొదట్లో కారు ఆగింది.

"దిగన్నా. నీ గల్లీ వచ్చింది."

ఆ మర్నాడు సైమన్ హమద్ టౌన్‌కు ఫోను చేశాడట. అప్పటికే వేరే మనిషిని మాట్లాడుకున్నారట. ఈ సంగతి ఎనిమిదో నెంబరు చెప్తే తెలిసింది.

వీసా రద్దయ్యాక తన బూట్లు, సామాన్ తీసుకోవడానికి సైమన్ ఒకసారి గ్రౌండుకు వచ్చాడు. కారు చప్పుడు గుర్తుపట్టి గంగరాజు మెషిన్ల వెనక్కి వెళ్లాడు. ఖాళీ మెషిను ఆన్ చేశాడు. పక్కగదిలో అల్మరా తీసిన చప్పుడు, వేసిన చప్పుడు వినబడ్డాయి. అడుగులు రేకు తలుపు దాకా వచ్చాయి.

"గంగన్నా."

ఒక్కసారే పిలిచాడు. పైపులున్న గోడకు వీపు ఆనించి, గంగరాజు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మెషిను ఊరికే తిరుగుతోంది. కాసేపటికి అడుగులు వెనక్కి వెళ్లాయి. కారు కదిలింది.

శుక్రవారం మధ్యాహ్నం సైమన్ విమానం ఎక్కాడు. సంఘం వాళ్లు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లారు. గంగరాజు వెళ్లలేదు. కొత్తవాళ్లకు మొదటి ప్రాక్టీసు ఆ సాయంత్రమే. కొత్త కోచ్ యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తుంటే పదో నెంబరు వేసుకున్న ఎవరో కుర్రవాడు గీత పొడుగునా పరిగెత్తాడు.

ప్రాక్టీసు అయ్యాక గంగరాజు గది వెనక తీగల మీది బట్టలు తీయడానికి వెళ్లాడు. సాక్సులు, నిక్కర్లు, కొత్త జెర్సీలు తీసి బుట్టలో వేసుకుంటూ తీగ చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. అక్కడ నీలి అంచు తువ్వాలు ఒకటి మిగిలి ఉంది. మూలన స్టెల్లా ఎర్రదారంతో కుట్టిన సైమన్ పేరు. జట్టు బట్టలతో కలిసిపోయి ఎప్పుడో ఉతుక్కి వచ్చింది, అప్పటి నుంచి తీగ మీదే ఉండిపోయింది. గంగరాజు దాని వైపు చెయ్యి చాచి, ముట్టుకోకుండానే దించేశాడు. ఎండకూ ఉప్పుగాలికీ బిరుసెక్కిన ఆ తువ్వాలు రెండు క్లిప్పుల మధ్య అట్టలా, కదలకుండా వేలాడుతోంది.