చిన్నోడి వాంగ్మూలం

మంగళవారం పదింటికల్లా మానసిక ఆసుపత్రి గేటు ముందు జైలు వ్యాను ఆగుతుంది. అందులోంచి ఒకళ్ళో ఇద్దరో దిగుతారు, వెనకాలే వాళ్ళ ఫైళ్ళు దిగుతాయి. కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఉన్న గదిలో డాక్టరమ్మ వాళ్ళ కోసం రెండు కుర్చీలు వేయించి ఉంచుతుంది. మధ్యలో బల్ల ఉండదు. బల్ల ఉంటే మనిషి దాని వెనక దాక్కుంటాడని ఆవిడ నమ్మకం.

కోర్టు పంపిన మనుషుల మనసు పరీక్షించి నివేదిక రాయడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. కోర్టువాళ్ళు ఎప్పుడూ ఒకటే అడుగుతారు: నిజంగా పిచ్చా, నాటకమా? ఆ రెండూ కానివాళ్ళ గురించి ఆవిడ ఎంత ఓపిగ్గా రాసినా చదివే నాథుడుండడు. పోయిన ఏడాది రెండు నివేదికల్ని ప్రభుత్వ వకీలు నిండు కోర్టులో నవ్వుతూ చదివి పక్కన పడేశాడు. ఆ నవ్వు ఆవిడకింకా చెవిలోనే ఉంది.

ఆ మంగళవారం వచ్చినవాడికి ముప్ఫై నాలుగేళ్ళు. అయినా ఊరందరికీ చిన్నోడే. చెప్పుల గోదాములో అట్టపెట్టెలు మడిచేవాడు. గడియారం చూడటం సగమే వచ్చు, కూడికలు అసలే రావు, కానీ వాడు మడిచిన పెట్టె మూల వెంట్రుకవాసి పక్కకి పోదు. రెండు నెలల కిందట ఆ గోదాము తగలబడి కాపలా ముసలాయన చనిపోయాడు. తనే అంటించానని చిన్నోడు నాలుగు పేజీల ఒప్పుకోలు కింద వేలిముద్ర వేశాడు. నేరం రుజువైతే బతుకంతా జైల్లోనే.

వాడి అక్క పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది. సెలవు పెట్టుకుని వచ్చి వరండాలో నిలబడే చెప్పుకొచ్చింది. ఆ సాయంత్రం తనకి ఒళ్ళు కాలిపోయే జ్వరమట, తమ్ముడు గడప దాటలేదట, ఆ మాట చెబితే తోడబుట్టినది ఇంకేం చెబుతుందిలే అని కొట్టిపారేశారట. వెళ్ళబోతూ, పిల్లాడికి పాలు పడవని చెప్పినంత మామూలుగా ఒక మాట అంది.

"వాడికి ఎవరైనా నేర్పిన మాట వాళ్ళ గొంతులోనే వస్తుంది మేడమ్. చిన్నప్పట్నించీ అంతే."

డాక్టరమ్మ తలూపి, ఫారంలో 'అలర్జీలు లేవు' అన్న వరస కింద ఆ సంగతి కూడా రాసుకుంది.

లోపల వాడిని కూర్చోబెట్టి చిన్న కథ చెప్పింది. బజారులో ఒకావిడ సంచీ పోగొట్టుకుంటుంది, అంతే కథ. కాసేపాగి ప్రశ్నలు వేసింది. ఇలాంటి పరీక్షలో కథలో లేనివి కావాలనే అడుగుతారు, ఎదుటివాడు ఎంత తేలిగ్గా లొంగుతాడో చూడటానికి.

"ఆవిడ ఎక్కిన బస్సు ఎర్రదా, తెల్లదా?"

కథలో బస్సే లేదు. చిన్నోడు ఆవిడ మొహంలోకి చూసి, "తెల్లది" అన్నాడు.

వాడి నోట్లోంచి వచ్చింది మాత్రం డాక్టరమ్మ గొంతు. అక్షరం పొల్లుపోకుండా ఆవిడదే. పదిహేను ప్రశ్నల్లో పదకొండింటికి వాడు ఆవిడ గొంతుతోనే జవాబిచ్చాడు. తన గొంతులో అంత తొందరపెట్టడం ఉంటుందని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. మొహం వేడెక్కింది.

ఆ సాయంత్రం ఏం చేశావని అడిగితే మాత్రం వాడి సొంత సన్నటి గొంతు వచ్చింది. అక్కకి జ్వరం, గుడ్డ తడిపి నుదుటి మీద వేశాడు, ఎండిపోయేది, మళ్ళీ వేశాడు. మరి గోదాము ఎవరు కాల్చారంటే వాడు గళ్ళ కదిలేలా రెండుసార్లు ఖాండ్రించి, బొంగురుగా మొదలుపెట్టాడు: "ఏడున్నరకి నేనే వెనక కిటికీలోంచి కిరసనాయిలు పోసి..."

"ఇది ఎవరి గొంతు, బాబూ?"

వాడు అయోమయంగా చుట్టూ చూశాడు. "నాదే కదమ్మా."

డాక్టరమ్మకి విషయం తెలిసిపోయింది. తెలియడం వేరు, నవ్వే వకీలు ముందు నిలబెట్టడం వేరు. వాడిని మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచుకోవడానికి కోర్టు అనుమతి తెచ్చుకుంది. వార్డు ఆయా చేత, వంటాయన చేత, నర్సు చేత వాడికి రకరకాల సంగతులు చెప్పించింది. మరికొన్ని వాడి కళ్ళతోనే చూసేలా చేసింది. అన్నీ వాడి చేత తిరిగి చెప్పించి రికార్డు చేసి, వాటిలో వాడు చూసిందేదో విన్నదేదో తెలియని పక్క ఊరి డాక్టరుకి పంపి, తేల్చి రాయమంది. అరవై నాలుగు మాటలు. ఆయన ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు రాయలేదు.

విచారణ రోజు ముందుగా బోనెక్కింది ఆ ఒప్పుకోలు రాయించుకున్న ఇన్‌స్పెక్టరు. గళ్ళ కదిలేలా రెండుసార్లు ఖాండ్రించి, ముద్దాయి తనంతట తానే ఒప్పుకున్నాడని బొంగురుగా చెప్పి దిగిపోయాడు. తర్వాత డాక్టరమ్మ నివేదికతో ఎక్కింది. ప్రభుత్వ వకీలు పాత నవ్వే నవ్వాడు.

"గొంతులు మార్చడం ఒక విద్య. స్టేజీ మీద చేసేవాళ్ళు వీధికొకరున్నారు. వాళ్ళందర్నీ వదిలేద్దామా?"

"స్టేజీ మీద చేసేవాడికి తను ఎవరి గొంతు చేస్తున్నాడో తెలుసు," అంది డాక్టరమ్మ. "ఇతనికి తెలీదు. ఇతనికి పిచ్చి లేదు, నాటకమూ లేదు. ఎదుటివాళ్ళు గట్టిగా చెబితే అది తన జ్ఞాపకమే అనుకుంటాడు. నేను చెప్పినదాన్ని కూడా అలాగే అనుకున్నాడు, నా పరీక్షలో అదీ ఉంది. అరవై నాలుగుకి అరవై నాలుగు. నా మాట వద్దు, మీరే అడగండి."

జడ్జిగారు అడగమన్నారు. వకీలు కోటు సర్దుకుని, ఆ రోజు ఏం చేశావో మొత్తం చెప్పమన్నాడు.

చిన్నోడు రెండుసార్లు ఖాండ్రించాడు. హాల్లో తలలన్నీ ఒక్కసారి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాయి. కిటికీ, కిరసనాయిలు, అగ్గిపుల్ల, నాలుగు పేజీలూ వరసగా ఆ బొంగురు గొంతులో వచ్చేశాయి. ఒప్పుకోలు ఎక్కడితో అయిపోయిందో వాడికి తెలీదు కాబట్టి అక్కడ ఆగలేదు.

"మళ్ళీ మొదట్నించీ చెప్పు. ఈసారి కిటికీ మర్చిపోయావంటే మీ అక్కని కూడా లోపలేస్తా. ఆఁ, అట్లా. ఇప్పుడు బొటనవేలు ఇటివ్వు."

 టైపు చేసే గుమాస్తా మీటల మీంచి చేతులెత్తి, ఈ భాగాన్ని ఎవరి వాంగ్మూలంగా రాయమంటారని మెల్లిగా అడిగాడు.

"ఎవరి గొంతైతే వాళ్ళ పేరు మీద రాయండి," అన్నారు జడ్జిగారు.

ఆయన ఇన్‌స్పెక్టరుని, దీనికేమంటారని అడిగారు. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి, హాలంతా తన గొంతు కోసమే చూస్తోందని గ్రహించి, మళ్ళీ మూసుకున్నాడు. రెండోసారి అడిగినా తల అడ్డంగా ఊపాడే తప్ప పెదవి విప్పలేదు. వకీలు తన కాగితాలు తనే తాడుతో కట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

భోజన విరామం తర్వాత, చిన్నోడు నిర్దోషి, వెంటనే విడిచిపెట్టమని జడ్జిగారు తీర్పు చదివారు. అందులో రెండు పేజీలు డాక్టరమ్మ నివేదికలోవే, ఒక్క మాట మార్చలేదు. ఆ ఇన్‌స్పెక్టరు తీసుకున్న పాత ఒప్పుకోళ్ళు పదకొండూ తిరగదోడమన్నారు, ఆ మనుషుల్ని ఆవిడ దగ్గరికే పంపమన్నారు. ఇరవై రెండేళ్ళలో తను రాసినది తనకే వినిపించడం ఆవిడకి అదే మొదలు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

కింద కోర్టు గేటు దగ్గర కొత్త పేచీ. విడుదల కాగితం రావాలి, అది రేపటికి గానీ రాదు, అంతవరకూ వ్యాను ఎక్కాల్సిందేనన్నాడు కానిస్టేబులు. అక్క బతిమాలింది. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చి గట్టిగానే వాదించింది. కానిస్టేబులు వినలేదు. చివరికి విసుగొచ్చి చిన్నోడినే అడిగాడు.

"జడ్జిగారు అసలేమన్నారురా నీతో?"

చిన్నోడు నిటారుగా నిలబడ్డాడు. జడ్జిగారి గంభీరమైన గొంతు ఆవరణంతా మోగింది.

"ఇతన్ని ఇప్పుడే, ఈ క్షణమే విడిచిపెట్టండి."

కానిస్టేబులు కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. ఆ ఊపులోనే బేడీలు తీశాడు, గేటు కూడా బార్లా తీశాడు. అక్కాతమ్ముళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎండలోకి నడిచారు. డాక్టరమ్మ అక్కడే నిలబడి, దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నా పట్టించుకోకుండా, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.