పేక కొయ్యకముందు

శుక్రవారం వస్తే సీతాలక్ష్మి సెనగపిండితో మూడుసార్లు చేతులు కడుక్కునేది. వేళ్ళ సందుల్లోగానీ గోళ్ళ మూలల్లోగానీ నూనె మిగలకూడదు. పోపు పెట్టిన చేత్తో పేక పట్టుకుంటే ముక్క వెనక మరక పడుతుంది. మరక పడిందా, ఎదుటివాడు ఆ ముక్కని గుర్తుపట్టేస్తాడు. అందుకని వేపుళ్ళన్నీ గురువారమే చేసి డబ్బాల్లో పెట్టుకునేది. శుక్రవారం మధ్యాహ్నం ఆ డబ్బాలు పట్టుకుని మొగుడి వెనక కారెక్కేది.

ఫరీజ్ బిన్ మహమూద్‌లో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. ఆట మాత్రం ఐన్ ఖాలిద్‌లో జయంత్‌గారి విల్లాలో. జయంత్ అంటే ఆమె మొగుడు సుబ్బారావుకి పై ఆఫీసరు. కంపెనీలో పనిచేసిన తెల్ల ఇంజనీరొకాయన దేశం వెళ్ళిపోతూ వీళ్ళకి పోకర్ నేర్పిపోయాడు. వీళ్ళుండే ఈ అరబ్బు దేశంలో డబ్బు పెట్టి ఆడితే జైలు. అందుకని వీళ్ళు చింతపిక్కలతో ఆడేవారు. ఎనిమిది మంది మగాళ్ళు, మనిషికో గ్లాసుడు పిక్కలు. పిక్కలు అయిపోయినవాడు లేచిపోవాలి, ఆఖరికి మిగిలినవాడిది కప్పు. శుక్రవారానికో టోర్నమెంటు.

మొదట్లో పంచేవాడి మీద అందరికీ అనుమానమే. అడుగు ముక్క చూశాడని ఒకడు, సరిగ్గా కలపలేదని ఇంకొకడు. రెండు టోర్నమెంట్లు తగువుల్లోనే చెడిపోయాయి. అప్పుడు జయంత్, ఆట రాని మనిషయితే మేలన్నాడు. సుబ్బారావు వెంటనే, "మా ఆవిడ పంచుతుంది సార్. దానికి ఆటేం తెలుసు," అన్నాడు. ఆమెని అడగలేదు. ఆమె అప్పుడు టీ కప్పులు తీస్తోంది.

తెలియకపోతేనేం, నేర్చుకుంది. ఉతికిన బట్టలు మడతపెట్టే మంచం మీదే పేక కలపడం నేర్చుకుంది. పంచేముందు ఎదుటివాడి చేత కోయించాలి. చేతికి రెండేసి ముక్కలు పంచాక, అందరికీ ఉమ్మడిగా బల్ల మధ్య పరిచే నడిమి ముక్కలు తెరిచే ముందు పై ముక్క ఒకటి బోర్లా పక్కన పెట్టెయ్యాలి, దాన్ని ఎవరూ చూడకూడదు. ఒక్కో తగువు వచ్చినప్పుడల్లా ఒక్కో నియమం కూతురి పాత నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది. అలా పదకొండు అయ్యాయి. ఆట మొదలయ్యే ముందు అవన్నీ పైకి చదవడం ఆమె పనే. వంటింట్లో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. డీలరమ్మ చేతికి నూనె అంటకూడదట అనేది జయంత్ భార్య మనీషా. కానీ ఆట మధ్యలో టీ తేవాల్సింది మాత్రం డీలరమ్మే. తెచ్చి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, మళ్ళీ కూర్చుని పంచేది.

అయినా ఆమెకి శుక్రవారం ఇష్టం. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మొదటిరోజు సుబ్బారావే అందరి ముందూ అన్నాడు, "టేబుల్ దగ్గర నీ మాటే ఫైనల్," అని. తొమ్మిదేళ్ళ కాపురంలో ఏ పప్పు వండాలో కూడా ఆమె మాట ఫైనల్ కాలేదు. కూతురికి పేరు పెట్టింది అత్తగారు. నగలు బ్యాంకులో ఉండాలన్నది మామగారు. ఈ దేశం రావాలన్నది మొగుడు. అలాంటిది ఈ గుండ్రటి బల్ల దగ్గర ఎనిమిది మంది మగాళ్ళు, కార్లున్నవాళ్ళు, సంతకానికి విలువున్నవాళ్ళు, తగువొస్తే నోరు మూసుకుని ఆమె వైపు చూసేవారు. ఆమె నియమం చెప్పేది. వాళ్ళు సరేనని పిక్కలు జరిపేవారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చెయ్యి తప్పలేదు. ఆ సంగతి ఆమె లోలోపల దాచుకుంది, చిన్నప్పుడు నెమలీక దాచుకున్నట్టు.

పోయిన టోర్నమెంటులో ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఒకరు జయంత్, రెండోవాడు నారాయణప్ప. నారాయణప్పది అనంతపురం వైపు, డ్రాఫ్ట్స్‌మన్, కంపెనీలో అందరికంటే చిన్న ఉద్యోగం. ఎప్పుడూ ముందే లేచిపోయేవాడు, ఆరోజు మాత్రం నిలబడ్డాడు. ఇద్దరి పిక్కలూ బల్ల మధ్యకి వచ్చేశాయి. నారాయణప్ప తన ముక్కలు తిప్పాడు. నడిమి ముక్కల్లోదానితో కలిపి మూడు జాకీలు. జయంత్ తన చేతి రాజుకి నడిమివాటిలో రాజు జత కలవడం ఒక్కటే చూసుకున్నాడు, ఖలాస్ అన్నాడు. రెండు ముక్కలూ బోర్లా ఆమె వైపు తోసేసి కుర్చీలోంచి లేచాడు. ఆమె వాటిని చచ్చిన కుప్పలో కలిపింది.

అప్పుడు, ముందే ఓడిపోయి జయంత్ వెనక నిలబడ్డ సుబ్బారావు అన్నాడు, "సార్, మీ రెండూ కళావర్లే. నడిమివాటితో కలిపి అయిదు కళావర్లు. మీరే గెలిచారు."

నిజమే. రాజుల ధ్యాసలో పడి జయంత్ కళావర్లు లెక్క చూసుకోలేదు. కానీ బోర్లా తోసేసిన ముక్కలు చచ్చిన ముక్కలు. నాలుగో నియమం. ఆమె అదే చెప్పింది.

జయంత్ మొహం మాడింది. తాను తొయ్యలేదని, చేతిలో ఉండగానే ఆమె లాగేసిందని అన్నాడు. పంచేవాళ్ళ తప్పయితే ముక్కలు తిరిగి తియ్యొచ్చు. అది ఏడో నియమం, అదీ ఆమె రాసిందే.

సుబ్బారావు ఆమె కళ్ళలోకి చూడలేదు. పిక్కల గ్లాసు వైపు చూస్తూ అన్నాడు, "అవున్సార్, నేను వెనకే ఉన్నాగా. దాని చెయ్యి ఎప్పుడూ తొందరే. చెప్పు, నువ్వే లాగావు కదా."

చెయ్యి తొందర. ఆ మాట పాతదే. కాపురానికి వచ్చిన కొత్తలో ఊరగాయ జాడీ పగిలింది. పగలగొట్టింది సుబ్బారావు. అత్తగారు వచ్చి అడిగేసరికి దాని చెయ్యి తొందరమ్మా అన్నాడు. ఆ రోజు ఆమె ఊరుకుంది. కొత్త పెళ్ళికూతురు కదా. తర్వాత పాలు పొంగినా, తాళం పోయినా, విమానం తప్పినా, ఊళ్ళో చుట్టాలందరికీ ఆమె తొందర చెయ్యి తెలిసిపోయింది. ఈ బల్ల దగ్గరికి మాత్రం ఆ మాట రాలేదనుకుంది. రెండేళ్ళు రాలేదు. తనే తీసుకొచ్చాడు. తనే ఇచ్చిన మాటని తనే తీసుకుపోయాడు, అంతమంది ముందు, కప్పు కోసం కూడా కాదు. ఆయన కాంట్రాక్టు కాగితం సంతకం కోసం జయంత్ ఆఫీసు బల్ల మీద ఉంది. అది ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు.

ఆమె తలూపింది.

జయంత్ ముక్కలు వెతికి తీసుకున్నాడు. నారాయణప్ప కాసేపు ఆమెనే చూశాడు. "నువ్వే చెప్పినావంటే సరేలే అక్కా. నువ్వు అబద్ధం చెప్పవు," అని లేచి చెప్పులేసుకున్నాడు. అతను తిట్టుంటే బాగుండేది.

ఎవరి డబ్బాలు వాళ్ళు సర్దుకున్నారు. ఆమె పేకకి రబ్బరు బ్యాండు వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

కార్లో సుబ్బారావు ఏసీ పెంచాడు. ఆటే కదా అన్నాడు. చింతపిక్కలే కదా అన్నాడు. ఒక్కసారి తలూపితే నీదేం పోయింది, జయంత్ సార్ వచ్చే శనివారం సంతకం పెడతానన్నారు, పిల్ల స్కూలు ఎవరికోసం అన్నాడు. ఏం పోయిందో చెప్పాలంటే ఏం ఉండేదో ముందు చెప్పాలి. అది ఆయనకి చెప్పలేదు ఎప్పుడూ.

వారమంతా వంట చేసింది, పిల్లని బస్సెక్కించింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. మంగళవారం తోచక ఆయన పేక అడిగాడు, ఒక్కడే ఆడుకుంటానని. కనిపించడం లేదంది. అది బియ్యం డబ్బాలో ఉంది. అప్పుడే చెయ్యి అడుగుదాకా పెట్టి అది అక్కడ ఉందో లేదో చూసుకుంది కూడా. మర్నాడు నోటుపుస్తకం తీసి పదకొండు నియమాలూ చదివింది. తొమ్మిదో దాని దగ్గర ఆగింది. అది జయంత్ కోసమే రాసింది. అయిపోయిన ఆటల్ని తవ్వుతూ కూర్చునేవాడు ఆయన. రాసిన రోజు అందరూ బాగుందన్నారు.

శుక్రవారం వచ్చింది. సెనగపిండితో చేతులు కడుక్కుంది.

కొత్త టోర్నమెంటు. ఎనిమిది గ్లాసుల పిక్కలు. కప్పు జయంత్‌గారి అద్దాల బీరువాలో ఉంది. నారాయణప్ప రానన్నాడట, కంపెనీ వాళ్ళు ఏమనుకుంటారోనని వచ్చాడు, చివరి కుర్చీలో కూర్చున్నాడు. సీతాలక్ష్మి రబ్బరు బ్యాండు తీసి పేక బల్ల మధ్యలో పెట్టింది. కలపలేదు. చదవడం మొదలుపెట్టింది. ఎనిమిదో నియమం దాకా ఎవరూ వినలేదు, ఎప్పట్లాగే. జయంత్ పక్కవాడితో మాట్లాడుతూనే పేక కొయ్యడానికి చెయ్యి చాపాడు.

ఆమె పేక మీద అరచెయ్యి పెట్టింది.

"కొయ్యకండి సార్."

అందరూ ఆగారు. ఇంకా కూర్చోని సుబ్బారావు ఆమె వెనకనుంచి, ఏమైందన్నాడు.

"తొమ్మిది," అని ఆమె పుస్తకంలో చూసి చదివింది. "ఆట మీద తగువుంటే తర్వాతి ఆటకి పేక కోసేలోపు చెప్పాలి. కోశాక చెప్తే చెల్లదు." పుస్తకం మూసింది. "పోయిన ఆట తర్వాత ఈ పేకని ఎవరూ కొయ్యలేదు. నా దగ్గరే ఉంది."

"సీతా," అన్నాడు సుబ్బారావు. "రేపు శనివారం."

ఆ మాట ఆమెకి వినిపించింది. రేపు శనివారమని ఆయనకంటే ముందే ఆమెకి తెలుసు. వారమంతా ఆ శనివారాన్ని బియ్యంతోపాటు కొలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. టేబుల్ దగ్గర డీలరు వెనక్కి చూడకూడదు.

"నేను లాగలేదు. జయంత్‌గారు ఖలాస్ అన్నారు, ముక్కలు బోర్లా తోశారు, లేచారు. నేను తలూపింది అబద్ధం. ఆ అబద్ధం నాదే, దానికి నారాయణప్పకి క్షమాపణ చెప్తున్నాను."

వంటింటి గుమ్మంలోకి మనీషా వచ్చి నిలబడింది, చేతిలో గరిటె. లోపల నూనె కాగుతోంది. జయంత్ సుబ్బారావు వైపు చూశాడు. సుబ్బారావు ఈసారి పిక్కల గ్లాసు వైపు కూడా చూడలేకపోయాడు.

"కప్పు నారాయణప్పది," అంది సీతాలక్ష్మి. పేక చేతుల్లోకి తీసుకుంది. ఏడుసార్లు కలిపింది, తొందర లేకుండా. జయంత్ ముందు పెట్టి చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు కొయ్యండి."