రసానికి ఎర్రదారం

గేటు దగ్గర్నుంచి అంట్లు కట్టే షెడ్డు దాకా బుల్లబ్బాయి మూడుచోట్ల ఆగుతాడు. మొదట కాగితంపూల దగ్గర, తర్వాత క్రోటన్ల దగ్గర, ఆఖరున నీళ్ళతొట్టి దగ్గర. ఆగినచోటల్లా ఓ ఆకు తిరగేసి పురుగు కోసం వెతుకుతాడు. చూసేవాళ్ళకు పనిమంతుడు మొక్కను పరీక్షిస్తున్నట్టే ఉంటుంది. పరీక్ష మొక్కకు కాదు, అతని ఊపిరికి.

కడియం పక్కన ఆ నర్సరీలో ముప్పయ్యేళ్ళుగా అతనిది మామిడి అంట్లు కట్టే పని. ఇంట్లో అంట్లు పెళ్ళాం లోవమ్మ తోముతుంది, తోటలో అంట్లు తను కడతాడు. కరోనా రెండో విడతలో ఆ అంటురోగం కూడా మొహమాటపడకుండా అతన్నే అంటుకుంది. జ్వరం పదిరోజుల్లో పోయింది. పోతూపోతూ ఒంట్లో బలాన్నీ, ముక్కులో వాసననూ మూటగట్టుకుపోయింది. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం... ఇన్ని రసాలెరిగిన మనిషికి సర్కారు డాక్టరు ఇంకో రసం పేరు చెప్పాడు, నీరసం అని. బలం బిళ్ళలు రాసి పంపించేశాడు. పధ్నాలుగు నెలలు మంచం మీద గడిపి, ఇక అప్పు పుట్టక, "అంతా తగ్గిపోయిందండి" అని ఓనరు శివరామకృష్ణ గారికి అబద్ధం చెప్పి, వారం కిందటే పనిలోకి వచ్చాడు.

పీట మీద కూర్చున్నాడు. ఎండిన వక్కలాంటి మనిషి. చూపుడువేలి పక్కన కత్తి ఒరిసి ఒరిసి కాయకాచిన గీత. టెంకమొక్క తల కోసి, కాడను నిలువునా చీల్చి, మేలురకం పుల్లను రెండువైపులా చెక్కి అందులో దింపుతాడు. ఎదురుగా కూర్చున్న తోటి కూలీ మెర్సీ పాలిథిన్ పేలికతో బిగించి, పైన రకాన్నిబట్టి ఊలుదారం కడుతుంది. పెద్దరసానికి ఎర్రదారం, బంగినపల్లికి పసుపు.

మేస్త్రీ వీరబాబు రెండు తడికట్టలు తెచ్చి ముందు పడేశాడు.

"వానకి చీటీలు నానిపోయాయి బాబాయ్. ఏది రసమో, ఏది బంగినపల్లో నీ ముక్కే చెప్పాలి."

ఆకులు దూసేసిన పుల్లలన్నీ ఒక్కలాగే ఉంటాయి. చివర గోటితో గిల్లి వాసన చూస్తే చాలు, బుల్లబ్బాయి రకం చెప్పేసేవాడు. కొనడానికొచ్చిన వాళ్ళకు అతని ముక్కు చూపించి, "మా ల్యాబు ఇదేనండి" అనేవారు శివరామకృష్ణ గారు.

బుల్లబ్బాయి గిల్లాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మంచినీళ్ళను వాసన చూసినట్టే ఉంది.

"ఇది రసం" అన్నాడు.

ఇక ఎర్రదారాలు పడుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం మెర్సీ కేరేజీ మూత తీసింది.

"ఏంటి బాబాయ్, నా ఎండుచేపల కూరకి అవతలికి పొమ్మని అరిచేవాడివి. వారం నుంచీ నోరెత్తట్లేదు?"

"అలవాటైపోయిందమ్మా."

"ఇయ్యాల కట్టినవన్నీ పిఠాపురం అవతల రైతుకంట. ఉన్న ఎకరంలో వరి మానేసి రసాలు వేస్తున్నాడంట పాపం."

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ రైతు నాలుగేళ్ళు నీళ్ళు పోస్తాడు. కాపొచ్చాక గానీ తెలియదు.

మూడింటికి శివరామకృష్ణ గారు వచ్చారు. ఆయనకూ అదే జ్వరం, అదే నెలలో. రాజమండ్రిలో పెద్ద డాక్టరు, ఊపిరి కసరత్తు చేయించడానికి ఇంటికొచ్చే అమ్మాయి, మేడ మీద ఆర్నెల్లు పడక. ఆయనకూ వాసన పోయింది. పోయినన్నాళ్ళూ కాఫీ బాగాలేదని విసుక్కున్నారు, అంతే.

బుల్లబ్బాయి గోడ పట్టుకుని లేచాడు.

"బాబుగారండీ, ఎర్రదారాలు కట్టినవి పంపకండి."

షెడ్డులో అందరూ తలెత్తారు.

"అవి రసాలో, బంగినపల్లో నాకు తెలీదండి. జ్వరం వచ్చిన కాణ్ణించీ నాకు వాసన రావట్లేదు. పొద్దున్న గుడ్డిగా చెప్పేశాను. వీరబాబు తప్పు లేదు, మెర్సీ తప్పు లేదు."

"మరి నా ఎదురుగానే వాసన చూశావుగా బాబాయ్!" అన్నాడు వీరబాబు.

"చూశాన్రా. అదే రాలేదు."

"నాలుగేళ్ళ దాకా ఎవడికీ తెలిసేది కాదు గదా."

"నాకు తెలుసు గదరా."

ఓనరు వైపు తిరిగాడు. "ముక్కు పోయింది గానీ చేతులున్నాయండి. రకం ఇంకెవరన్నా చెప్తే, కూర్చుని కట్టగలనండి. మధ్యలో కాసేపు నడుం వాల్చనిస్తే చాలు."

శివరామకృష్ణ గారు కోప్పడలేదు. "ఒళ్ళు ముఖ్యం బుల్లబ్బాయ్. నాకూ ఇలాగే అయితే, విశ్రాంతి తీసుకున్నాకే తగ్గింది. పూర్తిగా తగ్గాక రా" అన్నారు మెత్తగా.

విశ్రాంతి ఆయన మేడ మీద దొరికే వస్తువు. బుల్లబ్బాయి వీధిలో ఆ కొట్టు లేదు.

"అలాగేనండి" అని తువ్వాలు దులుపుకుని బయల్దేరాడు. నీళ్ళతొట్టి దగ్గర, క్రోటన్ల దగ్గర, కాగితంపూల దగ్గర ఆగాడు. ఈసారి ఏ ఆకూ తిరగేయలేదు.

మెర్సీ ఎర్రదారాలు ఒక్కొక్కటే విప్పసాగింది. ఖాళీ పీట పక్కన అతని కత్తి కనిపించింది. ముప్పయ్యేళ్ళ నూరుడికి అలుగు సగమై మిగిలింది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రసమో, బంగినపల్లో ఆమెకు తెలియలేదు గానీ, ఇంకా ఆరని పసరు తడితో ఆ కత్తి గుప్పున మామిడి వాసన వేసింది.