పడవ మట్టం

వాడరేవు ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి ఉన్న బుల్లయ్య పడవలో, సంజీవరావు ఆఖరి మేకు దిగ్గొట్టి, గోడకు రసమట్టం ఆనించి చూశాడు. బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చి ఆగింది. ఇంజను గదికీ, వేటకెళ్లేవాళ్లు పడుకునే గదికీ మధ్య ఆ ప్లైవుడ్ అడ్డుగోడ. జీవితమంతా ఇళ్లకు ద్వారబంధాలు, చర్చిలకు బల్లలు చేసినవాడికి పడవ పని ఇదే మొదలు.

ఒక షీటు మిగిలింది. దాన్ని ఇంటికి తీసుకుపొమ్మని బుల్లయ్య ముందే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి సంజీవరావు కాలు నేల మీద నిలవడం లేదు. ఇంట్లో ఉన్నది ఒకే గది. మధ్యలో అడ్డుగా చీర కట్టారు. పెళ్లీడుకొచ్చిన కూతురు జెస్సీ దాని చాటునే బట్టలు మార్చుకోవాలి. గాలి వీస్తే తండ్రి మొహం తిప్పుకోవాలి.

"ఊరందరికీ తలుపులు పెట్టావు, కూతురికి చీర మిగిల్చావు," అని భార్య ప్రేమమ్మ దెప్పని రోజు లేదు.

మధ్యాహ్నం రంగు వెయ్యడానికి మనుషులు మోకులు లాగి, దుంగలు సర్ది, పడవను సరిగ్గా నిలబెట్టారు. అన్నం తిని లోపలికి దిగిన సంజీవరావు కొయ్యబారిపోయాడు. గోడ తప్పతాగినవాడిలా పక్కకు వాలి ఉంది. ఒరిగిన పడవలో రసమట్టం చూపిన నిటారు, పడవ లేచేసరికి వంకరైపోయింది.

బుల్లయ్య తొంగి చూసి పకపకా నవ్వాడు. "ఏంది మేస్త్రీ, ఇల్లనుకున్నావా? పడవకి దాని అడుగు చెక్కే మట్టం!" ముసలాయన మొహం చూసి తగ్గాడు. "పోన్లే, ఉండనీ. పడుకునేవాళ్లకి గోడ వంకరైతే ఏంది? షీటు నువ్వు తీసకపో."

సంజీవరావుకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, గట్టిగానే పుట్టింది. షీటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. కానీ ఆ వంకర చూసినవాడల్లా "ఎవడ్రా దీన్ని బిగించింది" అంటాడు కదా!

"వద్దు నాయనా. పాతదాని అడుగు వాలుగా కోసేశా, ఇంక అతకదు. ఈ షీటులోంచే కొత్తది కోస్తా," అన్నాడు.

ఈసారి అడుగు చెక్కకు మూలమట్టం ఆనించి కొలిచాడు. పొద్దువాలేసరికి గోడ నిలిచింది. చెమట మాత్రం ఆగలేదు. ఎడమ భుజం లాగుతుంటే, వంగి పని చేసినందుకేలే అనుకున్నాడు. గోడకు వీపు ఆనించి కూర్చుని, "ఇప్పుడు చూడు బుల్లయ్యా," అన్నాడు.

బుల్లయ్య ముందు నుంచీ పక్క నుంచీ చూశాడు. "బాగుంది మేస్త్రీ," అన్నాడు. జవాబు రాలేదు. భుజం పట్టి కదిపితే తల పక్కకు వాలింది.

సమాధి చేసిన మర్నాడు బుల్లయ్య పడవలోంచి ఊడదీసిన పాత ప్లైవుడ్ పలకను ఆటోలో వేసుకొచ్చి, ఆ ఇంట్లో చీర ఉన్నచోట దూలానికి బిగించి వెళ్లాడు. ప్రేమమ్మ చీర విప్పి మడతపెట్టింది.

జెస్సీ పలక అవతలికి వెళ్లి అడిగింది. "అమ్మా, కనపడుతున్నానా?"

"లేదమ్మా," అంది ప్రేమమ్మ. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు.

వాలుగా కోసిన ఆ పలక ఒక మూల నేలకు ఆనింది, రెండో మూల బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది.