గాజు పలక మీద ఆయన రాత

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఒక్కోసారి ఎగిరిపోతాయి, ఒక్కోసారి అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. రాయడం కూడా బాగా నెమ్మది. ఈ నాలుగు కాగితాలకే వానాకాలమంతా పట్టింది. దిద్దిపెడతానని మా అమ్మాయి అడిగింది గానీ, దాని చేతిలో పడితే ఇది దాని కథ అయిపోతుందని ఇవ్వలేదు. చదివేవాళ్లు కాస్త సర్దుకోవాలి.

మా ఆయన అబ్జర్వేటరీలో రాత్రి పని చేసేవారు. అప్పట్లో ఆకాశాన్ని ఫొటో తీయడానికి గాజు పలకలు వాడేవాళ్లు. పలకకి ఒక వైపు మందు పూసి ఉండేది. దాన్ని టెలిస్కోపు వెనక బిగించి గంటల తరబడి ఉంచాలి. అంతసేపూ నక్షత్రం పక్కకి జరిగిపోకుండా ఒక మనిషి కన్ను ఆనించి కాపు కాయాలి. ఆ మనిషి మా ఆయన. తర్వాత పలకని కడిగి ఆరబెడితే, గాజు తెల్లగానూ చుక్కలు నల్లగానూ ఉంటాయి. నువ్వులు చల్లినట్టు.

మా కాపురమంతా గుసగుసల్లోనే గడిచింది. ఆయన తెల్లవారాక వచ్చి పడుకునేవారు. పగలు ఇంట్లో గిన్నె కింద పెడితే చప్పుడు కాకూడదు. మా అమ్మాయికి గట్టిగా మాట్లాడటమే అలవాటు కాలేదు. బళ్లో చేరాక టీచరు దాని గొంతు బాగోలేదేమోనని డాక్టరుకి చూపించమంది. ఆయన మాత్రం మాటల దగ్గర మహా పొదుపు. రాత్రి ఏం జరిగిందని అడిగితే "ఏముంటుంది, ఆకాశం" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను పక్కన కూర్చుని, ఆ వీపు చూస్తూ, అక్కడ ఎలా ఉంటుందో నాకు తోచినట్టు ఊహించుకునేదాన్ని. ఊహకి కూడా కాస్త సరుకు కావాలి కదా. ఆయన ఇచ్చింది ఆ ఒక్క మాటే.

ఆయన పోయాక నేను చదువు నేర్చుకున్నాను. లైబ్రరీ వెనక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకి క్లాసు ఉండేది. మా మాస్టారికి సుద్దముక్క దుమ్ము పడదు. అక్షరానికో తుమ్ము తుమ్మేవారు. 'క్ష' దగ్గరికి వచ్చేసరికి ఆయనకి జలుబూ మాకు చదువూ గట్టిగా పట్టుకున్నాయి.

కూడబలుక్కుని పేపరు చదవడం వచ్చిన రోజుల్లో అబ్జర్వేటరీ నుంచి కబురొచ్చింది. దేశంలో ఎక్కడెక్కడో మూలుగుతున్న పాత పలకలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారట. అవి అందరి ఆస్తి అవుతాయట. ఏ ఊళ్లో చదివే పిల్లలైనా ఎవర్నీ బతిమాలకుండా తెరిచి చూసుకోవచ్చట. పలకలు తుడవడానికి నిదానమైన చెయ్యి ఉన్నవాళ్లు కావాలి, అక్కడ పనిచేసినవాళ్ల ఇంట్లోవాళ్లయితే మరీ మంచిదని అడిగారు. నేను చేరాను.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. కింద నుంచి వెలుగొచ్చే బల్ల ఒకటి ఉంటుంది. పలకని కవరులోంచి తీసి దాని మీద పెడితే, మొదట స్టూడియో దాని ఫొటో తీస్తాడు. ఒకప్పుడు బజారులో ఫొటోల దుకాణం నడిపిన మనిషి కాబట్టి అతనికి ఆ పేరు. పాత అలవాటు పోక ప్రతి పలకకీ "కదలకండి" అని చెప్పి మరీ తీస్తాడు. నన్ను అక్కా అంటాడు, నాకంటే రెండు మూడేళ్లే చిన్న అయినా. తర్వాత పలక నా చేతికొస్తుంది. గాజు వైపు పాతకాలం వాళ్లు సిరాతో గీసుకున్న సున్నాలు, బాణాలు, అంకెలు ఉంటాయి. ఏ చుక్కని చూడాలో గుర్తులన్నమాట. వాటి కింద వేరే చుక్కలు దాక్కుని ఉంటాయి. అందుకని తడిగుడ్డతో తుడిచి, మొండికేసిన చోట బ్లేడుతో గీకి, శుభ్రం చేసి స్కానర్‌కి పంపాలి.

మా పైన ఉండే అధికారి ముప్పై దాటిన అమ్మాయి. జల్లెడ మేడమ్ అని వెనక అనుకునేవాళ్లం. ఏ తప్పూ ఆమెని దాటిపోదు. ఆ పేరు ఆమెకీ తెలుసు, పట్టించుకోదు. నన్ను అందరితో పాటు పిన్నీ అనేది.

పెట్టెలు ఏళ్ల వరసలో వచ్చేవి. నేను చేరినప్పుడు మా ఆయన పుట్టకముందువి నడుస్తున్నాయి. పొద్దున్నే వెళ్లగానే పెట్టె మీద ఏ ఏడో చదివేదాన్ని. ఆయన తప్పటడుగులు వేసే ఏడు దాటింది. బడికి పోయే ఏడు దాటింది. ఎవరెవరివో సిరా గుర్తులు, నా చేత్తోనే తుడిచేశాను. ఏ రోజూ మనసుకి ఏమీ అనిపించలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడు దగ్గరపడుతున్న కొద్దీ మాత్రం, మనిషి బస్సు దిగే వేళైనట్టు ఉండేది నాకు. ఇంటి దగ్గర అన్నం సయించేది కాదు. మా అమ్మాయి ఒంట్లో బాగోలేదా అని అడిగితే, బాగానే ఉందన్నాను.

ఆ పెట్టె రానే వచ్చింది. మొదటి పలక తీయగానే పోల్చుకున్నాను. చదవడం రాని రోజుల్లో అక్షరాలు నాకు మనుషుల నడకలాగా ఉండేవి. ఏం రాశారో తెలియకపోయినా, ఇది ఆయన నడక అని తెలిసేది. 'మ'కి తోక సాగదీసేవారు, గడప దాటేటప్పుడు కాలు చాపినట్టు. ఆ తోక కనబడింది. ఇప్పుడు నాకు చదవడం కూడా వచ్చు. "ఇది మచ్చ" అని ఉంది. ఇంకోదాని మీద "పక్కది చూడండి" అని ఉంది. ఆయన పోయాక ఇన్నేళ్లకి ఆయన మాట విన్నాను, అదీ నాతో అన్నది కాదు.

గుడ్డ తడిపాను గానీ చెయ్యి లేవలేదు. ఆ పలకని తీసుకెళ్లి ఆరబెట్టే అరలో వెనగ్గా పెట్టాను. రెండోదీ అంతే. ఆయన చెయ్యి పడని పలకలు మాత్రం తుడిచి పంపుతూ వచ్చాను. అర నిండిపోయింది. స్టూడియోకి అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు గానీ ఊరుకోనూ లేదు.

"నీ పలకలకి తడి ఆరడమే లేదేంటక్కా, వీటికేమైనా పడిశం పట్టిందా" అన్నాడు.

నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ అన్నాను. ఆ మర్నాటి నుంచి అరకి అడ్డంగా తన కోటు తగిలించడం మొదలుపెట్టాడు.

అలా ఉండగా ఒక పలక వచ్చింది. దాని మీద అంకెలూ బాణాలూ కాదు, ఏకంగా వాక్యాలున్నాయి. అంచున మొదలుపెట్టి, చోటు చాలక మధ్యలోకి వచ్చేశారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"గాలి ఎక్కువ. రెండుసార్లు ఆపాం. చలికి వేళ్లు వంగలేదు. చివర్లో మబ్బు వచ్చింది. పోతుందని కూర్చున్నాం. పోలేదు."

పలక మీద చుక్కలు పలచగా ఎందుకొచ్చాయో పొద్దున చూసేవాళ్లకి తెలియాలని రాసినట్టుంది. కానీ నేను ఏళ్ల తరబడి అడిగింది ఇదే. ఏముంటుంది, ఆకాశం అని గోడవైపు తిరిగిన మనిషి, ఇక్కడ గాజు మీద పూసగుచ్చినట్టు చెప్పారు. వేళ్లు వంగలేదట. ఇంటికొచ్చి ఒక్క మాటైనా అనలేదు. అని ఉంటే ఆ వేళ్లు నా చేతుల్లో పెట్టుకుని ఉండేదాన్ని కదా.

వారం చివర లెక్క చూసుకునేటప్పుడు, ఫొటో తీసినవాటికీ స్కాన్ అయినవాటికీ తేడా వచ్చింది. జల్లెడ మేడమ్ తిన్నగా అర దగ్గరికి వచ్చి కోటు పక్కకి జరిపింది. ఒక్కో పలకా తీసి వెలుగుకి పట్టి చూసింది. ఆ వాక్యాల పలక దగ్గర ఆగింది.

"కవరు మీద రాయాల్సింది గాజు మీద రాశారు. ఎవరో గానీ రూల్సు బొత్తిగా పట్టనివాళ్లలా ఉన్నారు" అంది.

మా ఆయనేనమ్మా అన్నాను.

ఆమె చటుక్కున పలక దించింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కోప్పడలేదు. స్టూడియో తీసిన ఫొటో పలకతో పాటే కంప్యూటర్లో ఉంటుందని, ఆయన రాసిన ప్రతి ముక్కా ఎవరైనా ఎప్పుడైనా చదువుకోవచ్చని చెప్పింది. ఏదీ పోదు పిన్నీ అంది.

"ఆయన ఫొటో కూడా ఉందమ్మా, మా ఇంట్లో గోడకి" అన్నాను.

ఆమె లేచి, ఆ పలకని జాగ్రత్తగా అరలోనే పెట్టి వెళ్లింది.

మర్నాడు వచ్చి, పాత పద్ధతికి నమూనాగా ఒక పలకని తుడవకుండా ఉంచుకునే వీలుందని, ఏది కావాలో నన్నే తీసుకోమని చెప్పింది. ఏది అని ఆలోచించే పనే లేదు. వాక్యాల పలక తీసి ఇచ్చాను. చిన్నపిల్లలా మనసు గాల్లో తేలింది. మిగతావి ఆ పూట చకచకా తుడిచేశాను కూడా.

మధ్యాహ్నం ఆమె ఆ పలకతో తిరిగొచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది. ఎక్కడో దూరంగా ఒక కాలేజీలో చదివే అమ్మాయి ఒక నక్షత్రం వెంట పడిందట. అది ఏళ్లలో మెల్లగా మసకబారి మళ్లీ వెలుగుతుందట. అది మసకబారిన కాలానికి మన దగ్గర ఉన్నది ఈ ఒక్క పలకేనట, మిగతా రాత్రులన్నీ మబ్బులే. ఇప్పటికే రెండుసార్లు అడిగిందట. మేడమ్ త్వరలో పెడతామని జవాబు రాసిందట. ఆ చుక్క సరిగ్గా "పోలేదు" అన్న మాట కింద ఉంది.

స్టూడియో ఆ ఒక్క మాట తుడిస్తే సరిపోదా అని అడిగాడు. నా మనసులో ఉన్నదే అడిగాడు. కుదరదంది. చుట్టూ ఉన్న చుక్కలన్నిటితో పోల్చి చూస్తేనే దాని వెలుగు తేలుతుందట. గాజంతా శుభ్రంగా ఉండాలట.

"మీకూ మాటిచ్చాను పిన్నీ. ఉంచమంటే ఉంచేస్తాను. ఆ పిల్లకి లేదని రాస్తాను. ఆలోచించుకుని చెప్పండి" అంది.

ఇంటికెళ్లి మా అమ్మాయికి చెప్పాను. అది కూరగాయలు తరుగుతోంది. వాళ్ల నాన్న ఏం రాశారో చెప్పించుకుని, కత్తి పక్కన పెట్టి, మళ్లీ చెప్పమంది. రెండోసారి విన్నాక, ఎప్పుడూ లేనిది, గొంతు పెంచింది.

"రాత్రులన్నీ వాళ్లకే ఇచ్చాం కదమ్మా. ఒక్క గాజుముక్క మనకిస్తే వాళ్లకేం తక్కువ? ఉంచమను. అంతే."

దాని మాటలో అబద్ధం లేదు. నా కోరిక కూడా అదే. కంచం ముందు కూర్చుని సరేనన్నాను. అన్నాను గానీ, ఆ వేళ్లే కళ్లముందు మెదిలాయి. వంగని వేళ్లతో ఆయన అంతసేపు కూర్చున్నది ఆ నాలుగు మాటలు రాయడానికి కాదు. చుక్క దొరకాలని కూర్చున్నారు. దొరికింది. దాని మీద ఆయన మాటే అడ్డం పడింది. ఆ చుక్క కోసం ఎక్కడో ఒక పిల్ల ఎదురుచూస్తోంది. ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పొద్దున్నే వెళ్లి, నేనే తుడుస్తానని మేడమ్‌కి చెప్పాను. బదులుగా ఇంకోటి తీసుకోమంది. వద్దన్నాను. పెట్టెలో ఇంకా తుడవకుండా మిగిలినవాటి మీద ఉన్నవి అంకెలే. అంకెలు ఎవరు రాసినా అంకెలే.

స్టూడియో తన పని వదిలేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. చివరి నుంచి మొదలుపెట్టాను. "పోలేదు" మొదట పోయింది. కింద నల్లటి చుక్క ఒకటి కనబడింది, ఆవగింజలో సగం కూడా లేదు. ఇప్పుడు పలక మీద రాత "పోతుందని కూర్చున్నాం" దగ్గర ఆగింది. కాసేపు దాన్ని అలాగే ఉంచాను. స్టూడియో కదలకండి అనలేదు. తర్వాత మబ్బు, చలి, గాలి ఒక్కొక్కటే పోయాయి. మొండికేసింది ఒక్క 'మ' తోకే. దానికి బ్లేడు వాడాల్సి వచ్చింది.

సాయంత్రానికి అది కంప్యూటర్లోకి ఎక్కింది. ఆ కాలేజీ అమ్మాయి అప్పుడే తెరిచి చూసిందని మేడమ్ చెప్పింది. నాకూ తెర మీద పెట్టి చూపించింది. నల్ల చుక్కలు, లెక్కలేనన్ని. ఒక రాత్రంతా అక్కడ ఉంది. ఏ తేదీ అని అడిగాను. ఆమె చెప్పింది. ఆ రాత్రి నేనేం చేస్తున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నిద్రపోయి ఉంటాను.

ఇది మంచిపనేనని అందరూ అన్నారు. అవును, మంచిపనే. మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత అదే తన ఫోనులో ఆ పలక తెరిచి, ముందు ఫొటో, తర్వాత ఆకాశం, మార్చి మార్చి చూసుకుంది. నేనూ చూస్తాను. ఫొటోలో ఆయన మాటలు చదువుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ ఇప్పటికీ ఎవరైనా ఏం కావాలని అడిగితే, నాకు ఆ సిరానే కావాలి. వేలితో తడిమితే గాజు మీద కాస్త ఎత్తుగా తగిలేది.

ఇది రాసింది పలకల పిన్ని అని పిలవబడే నేను. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు మా అమ్మాయితో, రైల్వే గేటు పక్క వీధిలో, మేడ మీద వాటాలో ఉంటున్నాను.